గుమ్మంలో తుపాకీ

ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ లేని వైపు
జనవరి 11

అమ్మమ్మకి,

ఫోన్‌లో నేను చెప్పేది సగం, నీకు వినపడేది అందులో సగం, నువ్వు ఒప్పుకునేది అందులో పావు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. పైగా దీంతో పంపుతున్న బొమ్మని ఫోన్ తెర మీద చూస్తే రంగులు అబద్ధమాడతాయి. ఆ మాట నువ్వన్నదే.

సంగతేమిటంటే, నాకు పెద్ద పని వచ్చింది. యాభై, అరవై ఏళ్ల కిందటి కౌబాయ్ సినిమాలు ఎనిమిదింటిని మా కంపెనీ శుభ్రం చేసి మళ్లీ డిస్కులుగా విడుదల చేస్తోంది. ఒక్కో సినిమాకి డబ్బా మీద కొత్త ముఖచిత్రం, గోడకి అంటించుకోవడానికి ఒక పోస్టరు. ఎనిమిదీ నాకే ఇచ్చారు. ఆరేళ్లుగా ఇక్కడ బొమ్మలు వేస్తున్నాను, ఒక్కదాని మీదా నా పేరు లేదు. అన్నిటి కిందా కంపెనీ గుర్తే. ఈసారి డబ్బా వెనక "ముఖచిత్రం" అని రాసి పక్కన నా పేరు వేస్తామన్నారు. ఒక షరతు ఉంది. ఎనిమిదీ ఒకే చేతి మీదుగా రావాలి. ఒక్కటి నచ్చక వేరేవాళ్లకి వెళ్లినా ఇక పేరు ఉండదు.

నచ్చాల్సింది మా కళా విభాగం పెద్దకి. ఏ బొమ్మ చూపించినా "ఇంకొంచెం ఎరుపు, ఇంకొంచెం దుమ్ము, ఇంకొంచెం పెద్దది" అంటాడు. వెనకాల అందరం ఆయన్ని "ఇంకొంచెం" అనే పిలుస్తాం.

మొదటి బొమ్మ ఇందులో పెట్టాను. సినిమా పోస్టర్లు వేసిన మనిషి కదా, తాతయ్య ఉంటే ఆయనకే చూపించేదాన్ని. ఆయన తరఫున నువ్వు చూడు. నాకైతే బ్రహ్మాండంగా కుదిరిందనిపిస్తోంది.

నీ గిలక


మేడ మీది గది, ఎండ పడే బల్ల
జనవరి 19

గిలకా,

నీ బొమ్మ అందింది. మీ తాతయ్య పద్ధతిలోనే చూశాను. ఎదురు గోడకి అంటించి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి, కళ్లు సగం మూసి. నా గదిలో ఇరవై అడుగులు లేవు కనుక చివరి ఆరు అడుగులూ మెట్ల మీద వేశాను. కింద వాటాలో ఉండే పళ్ల డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమండీ, కళ్లు తిరుగుతున్నాయా?" అన్నాడు. "లేదు నాయనా, మా మనవరాలి బొమ్మ చూస్తున్నాను" అన్నాను. ఆయనా పైకి వచ్చి చూశాడు. చాలాసేపు ఆలోచించి "టోపీ బాగుందండీ" అన్నాడు.

నా అభిప్రాయమూ అదే. టోపీ బాగుంది. తుపాకీ బాగుంది. వెనక సూర్యుడు అస్తమిస్తున్నాడు, ఏ లోపమూ లేకుండా అస్తమిస్తున్నాడు. కానీ ఈ టోపీ, ఈ తుపాకీ, ఈ సూర్యుడు మిగతా ఏడు సినిమాల్లోనూ ఉంటాయి కదా. ఎనిమిది డబ్బాలూ కలిపేసి ఏది ఏదో చెప్పమంటే నువ్వే చెప్పలేవు. ఈ మనిషి ఎవరు? దేనికి బయల్దేరాడు? అతని మొహం చూస్తే బస్సు తప్పిపోయిన గుమస్తాలా ఉన్నాడు తప్ప ఎవరినైనా చంపబోతున్నవాడిలా లేడు.

ఒక ప్రశ్న. నువ్వు ఈ సినిమా చూశావా? చూశానని రాయకు. ఎలా చూశావో రాయి.

మీ తాతయ్య చూసేవాడు కాదు, నిజమే. అప్పట్లో రీళ్ల పెట్టె ఊళ్లోకి రాకముందే పోస్టరు గోడెక్కాలి. థియేటరు యజమాని మూడు ఫోటోలు, కాగితం మీద నాలుగు ముక్కల కథ తెచ్చి దుకాణంలో పడేసి పోయేవాడు. పది చేతులు మారి నలిగిన ఫోటోలు. వాటిని బట్టే మొత్తం ఊహించి వేయాలి. అది ఆయన ఖర్మ. నీకేం ఖర్మ? సినిమా మొత్తం నీ బల్ల మీదే ఉంది.

పుట్టిన దగ్గర్నుంచి ఆగకుండా మోగుతున్నావని నీకు గిలక అని పేరు పెట్టాను. నీ బొమ్మ మాత్రం నోరు విప్పలేదు. అంతకు మించి నా ఫిర్యాదేమీ లేదు.

అమ్మమ్మ

ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని. ఎర్ర సిరా చేతిలో పెట్టి దిద్దవద్దంటే నా వల్ల కాదు.


ఆఫీసు, కిటికీ ఉన్న వైపు (పోట్లాడి మారాను)
ఫిబ్రవరి 27

అమ్మమ్మకి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను, తిట్టకు. సినిమాని రెట్టింపు వేగంలో, శబ్దం కట్టేసి, భోజనం చేస్తూ చూశాను. ఇక్కడ అందరూ అలాగే చూస్తారు.

నీ ఉత్తరం అందిన రోజు మళ్లీ చూశాను, మామూలు వేగంలో. ఆ మనిషి ఎవరినీ చంపడానికి పోవడం లేదు అమ్మమ్మా. చనిపోయిన తమ్ముడి గుర్రాన్ని ఆ తమ్ముడి భార్యకి అప్పజెప్పడానికి పోతున్నాడు. గంటన్నర సినిమాలో ఒక్కసారి కూడా దాని మీద ఎక్కడు. రెట్టింపు వేగంలో అది కనపడదు. కొత్త బొమ్మలో టోపీ తీసేశాను. గుర్రం ముందు నడుస్తోంది, వెనక మనిషి కాళ్లీడ్చుకుంటూ, బూటు అడుగు ఊడిపోయి. ఇంకొంచెంగారు చాలాసేపు చూశాడు.

"తుపాకీ ఏదమ్మా?"

"జీను కింద ఉందండీ."

"కనపడదే."

"అతను తీయడు కదండీ, ఇక మనకెలా కనపడుతుంది?"

"సరే, ఇంకొంచెం దుమ్ము వెయ్యి" అన్నాడు. అంటే నచ్చినట్టే. అలా ఇప్పటికి అయిదు ముగిశాయి. రెండు నుంచి అయిదు వరకూ దీంతో పంపుతున్నాను.

అసలు వార్త ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు. ఎనిమిదో సినిమాకి పాత బొమ్మలు పోగుచేసే ఒక సేకర్త దగ్గర అప్పట్లో చేత్తో వేసిన పోస్టరు ఒకటి దొరికింది. అది మా ఆఫీసుకి వచ్చింది. ఒక ఇంటి గుమ్మం. గుమ్మంలో ఒకావిడ, చేతిలో పొడుగు తుపాకీ, కళ్లు నేరుగా మనకేసి. కింద కుడి మూల మన తాతయ్య సంతకం. చూసి నోరు తెరిచాను. ఆయన వేసినవన్నీ గోడల మీద వానకి కరిగిపోయాయనే కదా ఇన్నాళ్లూ అనుకున్నాం.

ఆ సినిమాకి కొత్త బొమ్మ వద్దట, డబ్బా మీద ఈ పాతదే వేస్తారట. తాత, మనవరాలు అంటే ఒకే చేతి కిందే లెక్క అని ఇంకొంచెంగారే అన్నాడు. అంటే ఏడింటి మీద నా పేరు, ఎనిమిదో దాని మీద తాతయ్య పేరు. అమ్మకి చెబితే ఏడ్చింది. లోపల పెట్టే చిన్న పుస్తకంలో తాతయ్య గురించి రెండు పేజీలు ఉంటాయి. నీ జ్ఞాపకాలు రాసి పంపాలి. హక్కుల కాగితం కూడా ఇందులో ఉంది, వారసురాలిగా నీ సంతకం పెట్టు చాలు.

సంతోషంతో పొంగిపోతున్న
గిలక


మేడ మీది గది
మార్చి 8

గిలకా,

రెండోది బాగుంది. మూడోది చాలా బాగుంది, ఈ ముక్క నా చేత రాయించావు చూడు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి. నాలుగోదానిలో ఆ షెరీఫు ఎడమ చేతికి ఆరు వేళ్లున్నాయి, రెండుసార్లు లెక్కపెట్టాను. అయిదోదానిలో ఆకాశానికి చోటు వదిలావు. వదలడానికి ధైర్యం కావాలి. పళ్ల డాక్టరు కూడా అయిదోదాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కోసం కింద ఎవరో నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నారని నేనే గుర్తుచేయాల్సి వచ్చింది.

ఎనిమిదోదాని సంగతి. ఆ పాత పోస్టరు వాడవద్దు. మీ తాతయ్య వేసినవాటిలో అది చెప్పుకోదగ్గది కాదు. నువ్వే కొత్తగా వెయ్యి. హక్కుల కాగితం మడత పెట్టినట్టే తిప్పి పంపుతున్నాను. జ్ఞాపకాలు రాయమన్నావు. నా జ్ఞాపకశక్తి బాగానే ఉంది, అందుకే రాయడం లేదు.

మీ అమ్మని ఊరికే ఏడవవద్దని చెప్పు.

అమ్మమ్మ

అదలా ఉండనీ. ఆ పోస్టరు చూసి అక్కడివాళ్లు ఏమన్నారు? సారాంశం నాకక్కర్లేదు. ఎవరు ఏమన్నారో మాటకి మాట రాయి. ఆవిడ మోచెయ్యి గురించి ఎవరైనా ఏమైనా అన్నారా?


నా గది, మంచం మీద, కాళ్ల మీద ప్యాడ్ పెట్టుకుని
ఏప్రిల్ 3

అమ్మమ్మకి,

కోపం వచ్చి ఇన్నాళ్లూ రాయలేదు. తాతయ్య పోయి పన్నెండేళ్లయింది. ఆయన చేతి పని ఇన్నాళ్లకి ఒకటి మన కంటపడితే, అది చెప్పుకోదగ్గది కాదంటావా?

మాటకి మాట కావాలన్నావు, ఇదిగో. సేకర్త అన్నది: "ఈ పెయింటర్‌వి నా దగ్గర పదకొండున్నాయి. పదీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు." అక్షరాలు వేసే మా సహోద్యోగి అన్నది: "ఈవిడ నన్ను చూసి మా ఇంట్లో నీకేం పని అని అడుగుతోంది." ఇంకొంచెంగారు పది నిమిషాలు నిలబడ్డాడు. ఇంకొంచెం అని కూడా అనలేదు. మోచెయ్యి గురించి అన్నది నేనే. బరువు మోసి అలవాటున్న చెయ్యి అన్నాను. నువ్వు మోచెయ్యి గురించే ఎందుకడిగావో నాకు అర్థం కాలేదు. సరే, పోనీ.

ఇప్పుడు విను. నువ్వు నేర్పిన బుద్ధే కాబట్టి ఎనిమిదో సినిమా మొదటి నుంచి చివరి దాకా మామూలు వేగంలో రెండుసార్లు చూశాను. ఆవిడ ఆ ఇంటి యజమానురాలు. మగవాళ్లు వస్తారు, తింటారు, కాల్చుకుంటారు, పోతారు. ఆవిడ సినిమా మొత్తం మీద తుపాకీని ముట్టుకోదు. కానీ నలభై రెండో నిమిషంలో అదే గుమ్మం, అదే నిలబడ్డ తీరు. ముంగిట్లో ముగ్గురు గుర్రాల మీద వచ్చి ఆగుతారు. ఆవిడ చేతిలో ఉన్నది చీపురు. పొడుగు కర్ర చీపురు. వాళ్లకేసి చూసి, మళ్లీ వంగి ఊడుస్తుంది. అంతే.

తాతయ్య చీపురుని తుపాకీ చేశాడా? ఎందుకు? నీకు తెలుసు, నాకు చెప్పడం లేదు. ఉత్తరంలో ఆ పోస్టరు గురించి రాసిన చోట నీ దస్తూరీ మారింది. దిద్దేవాళ్లకే ఇవన్నీ కనపడతాయనుకోకు.

నేను ఉన్న ఇరకాటం ఇది. నువ్వు సంతకం పెడితే ఎనిమిదీ పూర్తవుతాయి, నా పేరు వస్తుంది. పెట్టకపోతే ఎనిమిదోది నేను వేస్తానన్నాను. వేశాను కూడా. చూపిస్తే ఇంకొంచెంగారు "బాగుంది కానీ ఆ పాతదాని ముందు నిలబడదు" అని పక్కన పెట్టేశాడు. పాతదీ లేక, నాదీ నచ్చక, వేరేవాళ్లకి ఇస్తే ఏడింటి మీదా నా పేరు పోతుంది. ఆరేళ్ల పని అమ్మమ్మా.

కాగితం మళ్లీ పంపుతున్నాను. సంతకం పెట్టు, లేదా ఎందుకు పెట్టవో చెప్పు.

గిలక


మేడ మీది గది, తలుపు గడియ పెట్టి
ఏప్రిల్ 14

గిలకా,

పదీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఆ వాక్యం అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాను. ఈ వయసులో చేయాల్సిన పని కాదు.

ఆ పదీ మీ తాతయ్యవి. ఆ ఒక్కటీ నాది.

యాభై మూడేళ్ల కిందటి మాట. నాకు ఇరవై మూడు. మీ అమ్మ పది నెలల పిల్ల, రంగు డబ్బాల మధ్య పాకేది. మీ తాతయ్య దుకాణంలో నా పని గోడకి సున్నం వేసినట్టు పోస్టరు గుడ్డకి తెల్ల రంగు పూయడం, ఫోటోని పెద్దది చేయడానికి గళ్లు గీయడం, కుంచెలు కడగడం, ఆయన తిన్నాడో లేదో చూడడం. మధ్యమధ్య ఆకాశాలు నాకు వదిలేసేవాడు. తరువాత గుర్రాలు కూడా వదిలేశాడు. మొహాలు మాత్రం ఆయనవే.

ఒక వారం వాళ్లక్కకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే థియేటరు యజమాని మూడు ఫోటోలు పట్టుకుని దిగాడు. "ఆయనేడమ్మా?" అన్నాడు. "ఊళ్లో లేరండీ" అన్నాను. "శుక్రవారానికి గోడెక్కాలి, లేకపోతే వేరేవాళ్ల చేత వేయించుకుంటాను" అన్నాడు. "ఆయన వెళ్లేముందే మొదలుపెట్టి వెళ్లారు, ఎల్లుండి వచ్చి తీసుకెళ్లండి" అన్నాను. అంత పచ్చి అబద్ధం అంతకుముందు ఆడలేదు. ఎంత హాయిగా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది.

రెండు రోజుల్లో వేశాను. పిల్లని ఒక చంకన పెట్టుకుని, కుంచె ఇంకో చేత్తో. ఆ మోచెయ్యి అందుకే అలా ఉంది, అద్దంలో నా చెయ్యి చూసుకుంటూ వేశాను. ఫోటో మసగ్గా ఉంది. వేలెడంత బొమ్మ. కర్ర ఒకటి కనపడుతోంది. తుపాకీ అనుకుని తుపాకీ వేశాను. కింద ఆయన సంతకం పెట్టాను. నా పేరుంటే యజమాని ఆ గుడ్డని గోడకి కాదు, బండి తుడవడానికి వాడేవాడు.

శుక్రవారం గోడెక్కింది. శని, ఆదివారాలు ఏం జరిగిందంటే, ఆ ఊళ్లో మొదటిసారి కౌబాయ్ సినిమాకి ఆడవాళ్లు వరస కట్టారు. ఆస్పత్రి నర్సులు, కుట్టుపనివాళ్లు, టెలిఫోన్ ఆఫీసు అమ్మాయిలు, స్కూలు పంతులమ్మలు. గుమ్మంలో తుపాకీ పట్టుకున్న ఆవిడ ఎప్పుడు కాలుస్తుందా అని చివరి దాకా కూర్చున్నారు. ఆదివారం మ్యాట్నీ వదలగానే పదిహేను మంది నేరుగా దుకాణానికి వచ్చారు.

"ఏమ్మా, ఆ పోస్టరు వేసిందెవరు?" అని ముందున్న నర్సు అడిగింది.

"మా ఆయన."

"పిలువు."

"ఊళ్లో లేరు."

"వచ్చాక చెప్పు. ఇంట్లో పొద్దున్నా సాయంత్రం ఊడ్చేది చాలక, టిక్కెట్టు కొనుక్కుని ఇంకొకావిడ ఊడుస్తుంటే చూసొచ్చామని చెప్పు."

వెనక నుంచి ఒకమ్మాయి, "ఆ తుపాకీ పేలుతుందని ఇంటర్వెల్‌లో బయటికి కూడా పోలేదండీ" అంది. ఎవరో నవ్వారు. నర్సు నవ్వలేదు. నన్నూ, నా చంకలో పిల్లనీ, నా వేళ్లకి అంటిన రంగునీ చూసింది. మిగతావాళ్లని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం మీ తాతయ్య వచ్చాడు. ఇల్లు చేరకముందే థియేటరు యజమాని బజార్లో నిలదీశాడు, ఊరందరి ముందు. ఆడవాళ్లు కుర్చీలు విరగ్గొట్టారట, నిజానికి రెండే విరిగాయి. మీ తాతయ్య తల వంచుకుని, "నేనే వేశాను. ఫోటో మసగ్గా ఉంది, చీపురుని తుపాకీ అనుకుని పొరబడ్డాను" అన్నాడు. ఏడాది పాటు ఆ థియేటరు మాకు పని ఇవ్వలేదు. ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. నేనే కుంచె పక్కన పెట్టి చదువు అందుకున్నాను. జరిగినది జరిగినట్టు చెప్పే ఉద్యోగం వెతుక్కుని చరిత్ర పాఠాల్లో పడ్డాను.

ఇప్పుడు సంతకం సంగతి. ఆయన పేరు ఒకసారి నేను రాశాను. దాని బరువు ఆయన మోశాడు. అది ఆయన బొమ్మేనని చెప్పే కాగితం మీద రెండోసారి చెయ్యి పెట్టను. నీ పేరు పోతుందని తెలిసే చెబుతున్నాను. తెలిసి చెప్పడం నాకు తేలికనుకోకు.

దీన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. ఉత్తరం చించేయాలనిపిస్తే చించెయ్యి, మళ్లీ అడగను.

అమ్మమ్మ


ఆఫీసు, నా బల్ల
మే 20

అమ్మమ్మకి,

చించలేదు. సంచీలో పెట్టుకుని పదిహేను రోజులు తిరిగాను. మీటింగులో చెప్పేస్తే పేరు పోవచ్చు, చెప్పకుండా వారసురాలిగా అమ్మ చేత సంతకం పెట్టిస్తే పేరు ఉంటుంది కానీ డబ్బా తిప్పి చూసుకున్నప్పుడల్లా పక్కన ఎనిమిదోది కనపడుతుంది. ఇంతే నా లెక్క. చివరికి సోమవారం మీటింగులో లేచి నిలబడ్డాను.

"ఎనిమిదో పోస్టరు మా తాతయ్య వేసింది కాదండీ" అన్నాను.

సేకర్త కూడా ఉన్నాడు. "సంతకం ఉందిగా" అన్నాడు.

"సంతకం కూడా ఆవిడే పెట్టింది."

"ఆవిడెవరు?"

"మా అమ్మమ్మ. కాలేజీలో చరిత్ర చెప్పేది."

ఇంకొంచెంగారు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పోస్టరు కేసి, నాకేసి చూశాడు. "కూర్చో. మొదటి నుంచీ చెప్పు" అన్నాడు. చెప్పాను. నర్సు మాట దగ్గర ఆయన నవ్విన నవ్వుకి బయట గదిలోవాళ్లు తొంగి చూశారు. ఆరేళ్లలో ఆయన పళ్లు చూడడం ఇదే మొదలు.

నేను ఒకటి అడిగాను. పాత పోస్టరు డబ్బా మీద వేస్తే కొన్నవాళ్లు మళ్లీ ఆవిడ కాలుస్తుందనే ఎదురు చూస్తారు, మళ్లీ మోసపోతారు. కాబట్టి బయట నా బొమ్మ ఉండాలి, సినిమాలో ఉన్నది ఉన్నట్టు. లోపల మడత పెట్టి పాత పోస్టరు, మా అమ్మమ్మ పేరుతో. సినిమా అయ్యాక తెరిచి చూస్తారు. ఆయన నా ఎనిమిదో బొమ్మ మళ్లీ తెప్పించాడు. గుమ్మంలో ఆవిడ వీపు, చేతిలో చీపురు. వాకిట్లో ఆ ముగ్గురూ గుర్రాలతో సహా చీపురు చివర దుమ్మంత ఉన్నారు. రెండూ పక్కపక్కన పెట్టించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి "ఇప్పుడు నిలబడింది" అన్నాడు.

పేరు నిలిచింది అమ్మమ్మా. ఎనిమిదింటి మీదా నాది. ఎనిమిదోదాని లోపల నీది.

ఆఫీసంతా నీ కథే. "ఎంత ముద్దొచ్చే పొరపాటు" అని అందరూ ఒకటే మురిసిపోతున్నారు. పోస్టరు వెనక వేయడానికి నాలుగు వాక్యాలు రాశారు, నీ ఒప్పుదల కావాలి:

"ఈ పోస్టరు వేసిన యువతి సినిమా చూడలేదు. ఆమెకి దొరికింది మసకబారిన చిన్న ఫోటో. అందులో స్త్రీ చేతిలోని చీపురుని తుపాకీగా పొరబడింది. ఆ అమాయకమైన పొరపాటే ఈ అందమైన చిత్రం."

జూన్ పదో తారీఖుకి అచ్చుకి వెళ్లాలి. ఎనిమిదోదాని నకలు, కొత్త హక్కుల కాగితం దీంతో ఉన్నాయి. ఈసారి నీ పేరే ఉంది. నీ పేరు నువ్వు రాయడమే.

నీ గిలక


మేడ మీది గది, పొద్దున్నే
మే 27

గిలకా,

నీ ఎనిమిదో బొమ్మకి మార్కులు వేయను. ఈర్ష్య పడ్డాను. దుమ్ములో ఆ ముగ్గురిని అంత చిన్నగా వేయాలని నాకు ఆ రోజు తోచలేదు.

హక్కుల కాగితం మీద సంతకం పెట్టాను. కానీ ఆ నాలుగు వాక్యాలు ఒప్పుకోను. మొదటిది నిజం, రెండోది ఒక్క మాట తప్ప నిజం. మూడోదీ నాలుగోదీ కొట్టేశాను. ఎర్ర సిరాతోనే కొట్టేశాను.

పొరబడ్డాను అనే మాట నాది కాదు. మీ తాతయ్యది. బజార్లో అందరి ముందు నిలబడి, నన్ను కాయడానికి అప్పటికప్పుడు వెతికి పట్టుకున్న మాట. ఇంటికొచ్చి ఆ ఫోటో అడిగి తీసుకున్నాడు. వెలుతురులోకి పట్టుకెళ్లి చూశాడు. నాకేసి చూశాడు. "మసగ్గా ఏం లేదే" అన్నాడు. ఆయన ఫోటోని జేబులో పెట్టుకుని, "చెయ్యి బాగుంది" అన్నాడు. ఆ తరువాత ఎవరడిగినా ఫోటో మసగ్గా ఉందనే చెప్పాడు. ఆయన చెప్పిన ఆ మాట వెనకాల నేను యాభై మూడేళ్లు హాయిగా కూర్చున్నాను. పోయిన ఉత్తరంలో నీకూ అదే రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అలవాటైపోయింది.

ఫోటో వేలెడంతే, నిజం. నీళ్లంత స్పష్టంగా ఉంది. నాలుగేళ్లుగా ఆ దుకాణాన్ని రోజూ ఊడ్చింది నేను. మనిషి చీపురు ఎలా పట్టుకుంటుందో, తుపాకీ ఎలా పట్టుకుంటుందో నాకు తెలియదా? ముంగిట్లో ముగ్గురు గుర్రాల మీద వచ్చి ఆగితే ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఫోటో బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. సినిమా తీసినవాళ్లు ఆవిడకి తప్పు వస్తువు ఇచ్చారనిపించింది. సరిదిద్దాను. దిద్దడం నాకు కాలేజీలో వచ్చిన జబ్బు కాదు, అంతకు ముందు నుంచే ఉంది.

వచ్చినవాళ్లు మోసపోయారు, అది నా తప్పే, ఆ నర్సుకి క్షమాపణ చెప్పుకోలేకపోయాను. కానీ వాళ్లని వరసలో నిలబెట్టింది అమాయకత్వం కాదు. పొరపాటున పడ్డ గీతకి ఎవరి పేరైతేనేం? కావాలని గీశాను కాబట్టే నా పేరు అడుగుతున్నాను. ముద్దు రావడం, మురిసిపోవడం మీ ఆఫీసులోనే ఉంచుకోమను.

ఇలా వెయ్యి, ఒక్క ముక్క మార్చకుండా:

"ఈ పోస్టరు వేసిన మనిషి సినిమా చూడలేదు. ఆమెకి దొరికింది చిన్న ఫోటో. అందులో స్త్రీ చేతిలో ఉన్నది చీపురు. అది చీపురని చిత్రకారిణికి తెలుసు. ఆమె తుపాకీ వేసింది."

ముందువైపు మూలనున్న మీ తాతయ్య సంతకం చెరపవద్దు, అది జరిగినదే. దాని పక్కన ఎవరు పెట్టారో రాయండి. నా పేరు అచ్చు అక్షరాల్లో వద్దు. ఈ ఉత్తరం అడుగున నా దస్తూరీలో పూర్తిగా రాసి పెట్టాను. ఒక బొమ్మ కింద ఆ పేరు రాయడం నాకిదే మొదలు. అయినా ఒక్కసారికే కుదిరింది. ఆ పేరు ఉన్న మేరకు కత్తిరించి తీసుకుని మిగతా ఉత్తరం నువ్వు దాచుకో.